సుపీరియర్ సరస్సు ఒడ్డున 19 రోజులు

(ఆలయ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం. సంచిక కోసం కొద్దిగా కుదించాం.)



మీలో చాలామందికి మేము ఆలయం వెబ్‌సైట్ మొరాయించినప్పుడు గుర్తొచ్చే దంపతులం. 2024 మే నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మేము ఊళ్లో లేము. ఆ ఐదు నెలలూ మా ఫోన్లు మోగకుండా ఆ పని చూసుకున్న యువ వాలంటీర్లకు ముందుగా ధన్యవాదాలు.

మా పాపకు నాలుగేళ్లు నిండాయి. బడి మొదలైందంటే ఆ తర్వాత అంతా సెలవుల లెక్కే. అందుకని మాలో ఒకరం ఆఫీసులో జీతం లేని సెలవు పెట్టాం, ఇంకొకరం సగం రోజు పనికి మేనేజరును ఒప్పించుకున్నాం. ఇల్లు అద్దెకిచ్చి, కారులో గుడారం, కుక్కరు, బియ్యం సంచీ వేసుకుని టెక్సస్ నుంచి ఉత్తరానికి బయలుదేరాం. కొన్ని రాత్రులు స్టేట్ పార్కుల్లో గుడారం వేసుకున్నాం, కొన్ని రాత్రులు అద్దె గదుల్లో పడుకున్నాం. దారిలో నాలుగు చోట్ల స్నేహితుల ఇళ్లలో ఉన్నాం.

కమిటీవారు ప్రయాణ విశేషాలు చెప్పమన్నారు. జలపాతాల ఫోటోలు మావాటికన్నా మంచివి మీ ఫోన్లలోనే దొరుకుతాయి. కాబట్టి మేము ఒక్క ఇంటి గురించే చెబుతాం. సెప్టెంబరు 5 నుంచి 24 దాకా, 19 రోజులు ఉన్న ఇల్లు అది. అంతకు ముందు ఎవరింట్లోనూ మేము నాలుగు రోజులకు మించి ఉండలేదు. అక్కడ చూసిన సంగతి ఒకటి మన ఆలయ కుటుంబాలన్నింటికీ సంబంధించినది. అందుకే మాట్లాడటానికి ఒప్పుకున్నాం.

ఉప్పులేని సముద్రం

ఆ ఇల్లు మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ దాటాక సరస్సు వెంట ఉత్తరానికి వెళ్లే 61వ నంబరు రోడ్డు పక్కన ఉంది. ఆ స్నేహితులు మా ఎం.ఎస్. రోజుల నుంచి తెలిసినవాళ్లు. ఆయన డులూత్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తారు, ఆవిడ ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకుంటారు. పిల్లలు ఇంకా లేరు. వెనక గుమ్మం తీస్తే పది బారల దూరంలో రాళ్లు, రాళ్ల అవతల నీళ్లు.

సుపీరియర్ సరస్సు అంటే ఎంతో చెప్పాలి. దాని విస్తీర్ణం దాదాపు 82,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రాన్ని తీసుకుని అందులో పాతిక భాగం కొంచెం ఎక్కువగా తీసేస్తే మిగిలేదంత. అత్యధిక లోతు 1,333 అడుగులు. విస్తీర్ణంలో మంచినీటి సరస్సుల్లో ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది లేదు. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే వారు దాన్ని గిచిగామి, అంటే మహాజలం అంటారు. అవతలి గట్టు కనపడదు. వేయి అడుగుల పొడవుండే ఓడలు ఇనుప ఖనిజం నింపుకుని డులూత్ రేవు నుంచి బయలుదేరుతాయి. అక్కడ కాలువ మీద 1905లో కట్టిన వంతెన ఉంది. 1930 నాటికి దాన్ని మార్చి, ఓడ వస్తే రోడ్డు మొత్తం నిలువునా పైకి లేచేలా చేశారు. ఓడ హారన్ కొడితే వంతెన కూడా తిరిగి హారన్ కొడుతుంది. మా పాప ఆ వారమంతా ఇంట్లో ఎవరు తుమ్మినా తిరిగి హారన్ కొట్టింది.

ఆ నీళ్లు చూడటానికి ఎంత అందంగా ఉంటాయో, దిగటానికి అంత ప్రమాదం. వేసవి చివర్లో కూడా చల్లగానే ఉంటాయి. ఒక్కసారిగా దిగితే ఊపిరి ఎగబీల్చేలా వణుకు పుడుతుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఈత వచ్చినవాళ్లకు కూడా కష్టమే. మేము వెళ్లిన మొదటి గంటలోనే మా స్నేహితుడు పాపకు లైఫ్ జాకెట్ తొడిగి, "రాళ్ల దాకా వెళ్తే ఇది ఒంటి మీద ఉండాల్సిందే" అని ఆ పిల్లకే చెప్పారు. ఇంటి యజమాని మొదటి గంటలోనే ఖచ్చితంగా చెప్పటం మంచిదని అప్పుడే అనుకున్నాం. ఈ వేసవిలో సరస్సులకు వెళ్లే కుటుంబాలు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఆ ఇంట్లో ఉన్న పెద్దావిడ

ఆ ఇంట్లో మా స్నేహితుడి తల్లి కూడా ఉన్నారు. ఆవిడను మేము అత్తయ్యగారు అంటాం, మా పాప మామ్మ అనేసింది. జూన్‌లో విజిటర్ వీసా మీద వచ్చారు, డిసెంబరు దాకా ఉండవచ్చు. భర్త పోయి రెండేళ్లు కావస్తోంది. కొడుకు ఆవిడ కోసం కిందనే గది, స్నానాలగది కట్టించారు. కిటికీ నేరుగా సరస్సు వైపే ఉంది. మోకాళ్ల నొప్పులని మెట్లు లేకుండా చూశారు. ఆ గది ఎంత ప్రేమగా కట్టించారో గుమ్మంలో నిలబడితేనే తెలుస్తుంది.

అత్తయ్యగారిది కొల్లేటి లంక గ్రామం. పుట్టిందీ, మెట్టిందీ నీళ్ల మధ్యనే. చిన్నప్పుడు తాటి దోనె మీద కొల్లేటికోట పెద్దింటమ్మ తల్లి జాతరకు వెళ్లేవారట. కొల్లేరంటే దిగి నిలబడితే నేల తగిలే సరస్సు. ఎవరి చెరువు ఎక్కడో, ఏ నెలలో ఏ పక్షులొస్తాయో, ఏ మూల నాచు పడుతుందో ఆవిడకు తెలుసు. ఇక్కడ వచ్చిన కొత్తలో కొడుకు నీళ్లు చూపిస్తే, "ఇదేం చెరువురా, అవతలి గట్టే లేదు" అన్నారట.

మేము వెళ్లిన సమయం కూడా మామూలుది కాదు. ఆ వారమే బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. మనమందరం ఆ వీడియోలు చూశాం. బుడమేరు నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే. విజయవాడలో నీళ్లు తీస్తున్నాయని ఇక్కడ మనం ఊపిరి పీల్చుకునే రోజుల్లో, లంక గ్రామాల వాళ్లకు నీళ్లు పెరుగుతున్నాయి. అక్కడికీ మిన్నెసోటాకీ పదిన్నర గంటల తేడా. అత్తయ్యగారు రాత్రి పదకొండు దాకా మేలుకుని ఊళ్లో మరిదిగారికి ఫోన్ చేసేవారు. ఒకరోజు నీళ్లు వాళ్లింటి అరుగు దాకా వచ్చాయని చెప్పారు. లోపలికి మాత్రం రాలేదు.

పగలు కొడుకు ఆసుపత్రిలో ఉంటారు, కోడలు పై గదిలో మీటింగుల్లో ఉంటారు. చుట్టుపక్కల ఇళ్లున్నాయి గానీ ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య చెట్లు. కారు నడపలేరు, నడిచి వెళ్లటానికి హైవే. పెద్ద ఇండియన్ స్టోర్ కావాలంటే మినియాపొలిస్ దాకా రెండున్నర గంటల ప్రయాణం. కొడుకూ కోడలూ ఆవిడకు ఏ లోటూ చేయలేదు. ఆవిడా ఒక్క ఫిర్యాదు చేయలేదు. కానీ ఆగస్టులో రెండుసార్లు, "టికెట్టు కాస్త ముందుకు మార్చరా" అని మాత్రం అడిగారు. ఎందుకని కొడుకు అడిగితే, "ఊరికేలే" అన్నారు. ఇల్లు నచ్చలేదేమోనని ఆయన లోలోపల నొచ్చుకున్నారు. మేము వెళ్లేసరికి ఆ ఇంట్లో పరిస్థితి ఇది.

చుట్టాలుగా ఉండటం ఎన్ని రోజులు?

అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని చిన్నప్పుడు చెప్పేవారు. మనుస్మృతి ఇంకా ఖచ్చితంగా, ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి అంటుంది. ఒక్క రాత్రయితే దేవుడిలా చూడటం ఎవరికైనా సాధ్యమే. 19 రోజులు ఎవరినీ దేవుడిలా చూడలేం, చూపించుకోనూ కూడదు. మన భాషలోనే చుట్టమై వచ్చి దెయ్యమై పట్టాడనే మాట ఉంది కదా. అందుకే మూడో రోజు నుంచి మేము ఆ ఇంటి మనుషులుగా మారిపోవాలని నిర్ణయించుకున్నాం. దానికి మాకు పనికొచ్చినవి కొన్ని చెబుతాం. దూర ప్రయాణాలు పెట్టుకునేవాళ్లకు ఉపయోగపడతాయి.

మొదటిది, వచ్చే తేదీ, వెళ్లే తేదీ రెండూ ముందే చెప్పటం. ఆ మధ్యలో రెండు రాత్రులు మేము గ్రాండ్ మరేలో గుడారం వేసుకుని, వాళ్ల ఇల్లు వాళ్లకు వదిలేశాం. ఎంత దగ్గరివాళ్లయినా భార్యాభర్తలు ఇతరుల ముందు పోట్లాడుకోలేరు. అప్పుడప్పుడూ పోట్లాడుకునే వీలు కూడా ఇవ్వాలి.

రెండోది, ఆ ఇల్లు ఎలా నడుస్తుందో తెలుసుకోవటం. ఊరి బయట సరస్సు ఒడ్డు ఇళ్లలో చాలావాటికి మునిసిపల్ నీళ్లుండవు, మురుగు గొట్టాలుండవు. బావి నీళ్లు, సెప్టిక్ ట్యాంకు. ముగ్గురు అదనంగా చేరి ఒకే రోజు స్నానాలూ, నాలుగు విడతల బట్టలూ వేస్తే ట్యాంకు తట్టుకోదు. అందుకే బట్టలు రోజుకు ఒక్క విడతే వేశాం. పోపు నూనె సింకులో పోయకుండా డబ్బాలో పోసి చెత్తలో వేశాం. ఆ చెత్త డబ్బా రాత్రి బయట పెట్టకూడదు, ఎలుగుబంట్లు వస్తాయి.

మూడోది, ఖర్చు. స్నేహితుల చేతికి డబ్బిస్తే తీసుకోరు, ఇచ్చినా బాగుండదు. వచ్చేటప్పుడు మినియాపొలిస్‌లో ఆగి బియ్యం, కందిపప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి రెండు నెలలకు సరిపడా తెచ్చాం. చలికాలానికి కావాల్సిన కట్టెలు లారీలో తెచ్చి ఇంటి ముందు కుప్ప పోసి ఉన్నాయి. వాటిని షెడ్డులో పేర్చిపెట్టాం. కంప్యూటర్ ముందు కూర్చునే నడుములకు అదేమిటో మూడు రోజులు తెలిసింది.

నాలుగోది ఇంటివాళ్లు చేయాల్సింది. ఆ ఇంటి ఇల్లాలు మొదటి రోజే, "పది నుంచి నాలుగు దాకా నేను ఇంట్లో లేననుకోండి. కాఫీ పొడి ఇక్కడ, పాలు అక్కడ" అన్నారు. ఆ మాటతో మాకెంత హాయి అనిపించిందో చెప్పలేం. ఇంటివాళ్లు తమ పని మానుకుని మన చుట్టూ తిరుగుతుంటే నాలుగో రోజుకే వెళ్లిపోవాలనిపిస్తుంది.

అందరం కలిసి చేసుకున్న పనులూ ఉన్నాయి. సెప్టెంబరు 7న వినాయక చవితి. అక్కడి ఎర్రమట్టి తెచ్చి అత్తయ్యగారూ పాపా కలిసి వినాయకుణ్ణి చేశారు. తొండం రెండుసార్లు ఊడింది. పత్రి కోసం పెరట్లో తిరుగుతూ ఆవిడ ప్రతి ఆకూ వాసన చూసి, "ఇది మాచీపత్రి కాదు గానీ దాని మేనత్త కూతురై ఉంటుంది" అన్నారు. ఆ రోజు కోడలు కూడా మధ్యాహ్నం పై గదిలోంచి దిగివచ్చి, చాలాసేపు కిందనే ఉండిపోయారు.

సెప్టెంబరు మధ్యలో డులూత్ పైన హాక్ రిడ్జ్ అనే కొండకు వెళ్లాం. దక్షిణానికి వలసపోయే డేగలు అంత వెడల్పున్న సరస్సును దాటటానికి ఇష్టపడక, ఒడ్డు పట్టుకుని వచ్చి ఆ కొండ మీదుగా వెళతాయి. గాలి అనుకూలంగా ఉన్న రోజున వేలల్లో కనపడతాయి. అత్తయ్యగారు మడత కుర్చీలో కూర్చుని మూడు గంటలు కదల్లేదు. ఆటపాకలో గూడబాతులు ఏ చెట్ల మీద గూళ్లు పెడతాయో, చలికాలంలో కొల్లేటికి ఏమేం వస్తాయో పాపకు చెబుతూనే ఉన్నారు. పక్కన కూర్చున్న ఒక అమెరికన్ పెద్దాయన బైనాక్యులర్స్ ఇచ్చి ఎలా చూడాలో చూపించబోతే, అవసరం లేదని చెయ్యి ఊపి ఒట్టి కళ్లతోనే ముందు గుంపును చూపించారు. వచ్చిన మూడు నెలల్లో ఆవిడకు తెలిసిన విషయం ఒకరికి ఆవిడ చెప్పిన రోజు బహుశా అదే.

దీపస్తంభం దగ్గర

ఆ తరువాతి వారం స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ చూడటానికి వెళ్లాం. కొడుకు, కోడలు ఇద్దరికీ డ్యూటీలున్నాయి. అత్తయ్యగారూ మేమూ మాత్రమే వెళ్లాం. 1905 నవంబరులో వచ్చిన ఒక పెద్ద తుఫానులో ఆ తీరంలో చాలా ఓడలు దెబ్బతిన్నాయి. ఆ తరువాత ప్రభుత్వం నిలువు కొండ అంచున ఈ దీపస్తంభం కట్టింది. 1910లో వెలిగించారు, 1969 దాకా పనిచేసింది. ఇప్పుడది చూడటానికి వచ్చేవాళ్ల కోసం.

అయితే ప్రతి ఏడాదీ నవంబరు 10న సాయంత్రం మళ్లీ ఆ దీపం వెలిగిస్తారు. 1975లో అదే తేదీన ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఓడ తుఫానులో ఈ సరస్సులోనే మునిగింది. 29 మంది పోయారు, ఒక్కరూ బతకలేదు. ఆ 29 మంది పేర్లూ చదివి, గంట కొట్టి, చీకట్లో దీపం వెలిగిస్తారు. ఇదంతా మేము తెలుగులో అత్తయ్యగారికి చెప్పాం. ఆవిడ పైకి, ఆ దీపం ఉన్న గాజు గదివైపు కాసేపు చూశారు. "నవంబరు పది అంటే మనకు కార్తీకమే కదమ్మా. అయితే వీళ్లూ కార్తీకంలోనే దీపం పెట్టుకుంటారన్నమాట" అన్నారు.

అప్పటికి మహాలయ పక్షం మొదలైంది. ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆవిడే చెప్పారు. మావయ్యగారు పోయింది కార్తీక మాసంలోనే. రెండో ఆబ్దికం వస్తోంది. కొడుకు ఇక్కడే పురోహితుణ్ణి పిలిపించి చేద్దామన్నారు, ఏర్పాట్లు కూడా మొదలుపెట్టారు. ఆవిడకేమో ఊళ్లో, ఆయన నడిచిన ఇంట్లో జరగాలని ఉంది. "వాడు నా కోసం గది కట్టించాడు. శ్రద్ధగా ఇక్కడే చేస్తానంటున్నాడు. కాదంటే వాడి మనసు కష్టపెట్టినట్టే కదా. అందుకే ఊరికే టికెట్టు మార్చమన్నాను" అన్నారు.

ఇంట్లో నాలుగు రోజులుంటే ఇలాంటి మాటలు మన చెవిన పడతాయి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆవిడ మాట కొడుకుకు మేము చేరవేయవచ్చు. పది నిమిషాల పని. కానీ తల్లి తనతో అనలేక చుట్టాలతో అన్నదంటే ఆయనకు అదింకో బాధ. ఆవిడకేమో, నమ్మి చెప్పిన మాట చేతులు మారిందనే బాధ. మేమిద్దరం ఆ రాత్రి మాట్లాడుకుని, మర్నాడు ఆవిడతో, "అత్తయ్యగారూ, ఇది మీరే చెప్పాలి. మీరు చెప్పేటప్పుడు మేము పక్కన కూర్చుంటాం, అంతే" అన్నాం. ఆవిడ ఏమీ అనలేదు.

రెండు రోజుల తర్వాత రాత్రి భోజనాల దగ్గర ఆవిడే ఎత్తారు. రెండు ముక్కల్లో చెప్పేశారు. మా స్నేహితుడు అన్నం కలపటం ఆపి, "అమ్మా, నీకీ ఇల్లు నచ్చలేదనుకున్నాను" అన్నారు.

"ఇల్లు నచ్చకేంరా! మీ నాన్న ఇక్కడికి రాలేదుగా" అన్నారు ఆవిడ.

ఆ తర్వాత ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. కోడలు లేచి వెళ్లి అత్తగారి పక్కన కూర్చున్నారు. మేము పాపను పడుకోబెట్టే నెపం మీద లోపలికి వెళ్లిపోయాం. రెండో రోజుకు ఆవిడ టికెట్టు అక్టోబరు చివరికి మారింది. కొడుకు తనకూ ఒక టికెట్టు తీసుకున్నారు. కార్తీకంలో ఆ లంక గ్రామంలో, వరద నీళ్లు ఆగిన ఆ అరుగున్న ఇంట్లోనే ఆబ్దికం జరిగింది. మొన్న ఫోన్ చేసినప్పుడు అత్తయ్యగారు, వచ్చే ఏడాది డేగల సమయానికి మళ్లీ వస్తానన్నారు. ఆవిడ గది అలాగే ఉంది.

మన ఊళ్లో సంగతి

ఇందులో మేము చేసింది ఏమీ లేదు. పగటిపూట ఆ ఇంట్లో ఉన్నాం, చిక్కుడుకాయలు వలిచాం, ఆవిడ మాట్లాడితే విన్నాం. కొడుకూ కోడలూ ప్రేమలో మాకన్నా వంద రెట్లు ఎక్కువ. వాళ్ల దగ్గర లేనిది మధ్యాహ్నం రెండు గంటల సమయం. మాకు ఆ ఐదు నెలల్లో ఉన్నదల్లా ఆ సమయమే. కొడుకుతో అనలేని మాట కొడుకు స్నేహితులతో అనగలగటం మన ఇళ్లలో కొత్త కాదు. ఊళ్లో అయితే ఆ పనికి పక్కింటి పిన్నిగారు, పొద్దున్నే పాలు తెచ్చే ఆయన, గుడి అరుగు ఉండేవి. ఇక్కడ మనమే ఒకరి ఇంటికి ఒకరం వెళ్లి ఆ పని చేయాలి.

ప్రతి వేసవికీ మన సభ్యుల ఇళ్లకు ఎంతోమంది అమ్మానాన్నలు వస్తారు. ఆరు నెలలు ఉంటారు. మన వీధుల్లో సరస్సు లేదు, ఎలుగుబంట్లు లేవు, అంతే తేడా. మిగతాదంతా అదే: కారు నడపలేని మనిషి, మీటింగుల్లో ఉన్న పిల్లలు, సాయంత్రం ఆరు దాకా నిశ్శబ్దంగా ఉండే ఇల్లు. శనివారం ఆలయంలో పలకరిస్తాం, చీర బాగుందంటాం, ప్రసాదం చేతిలో పెట్టి వెళ్లిపోతాం.

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో, వసతి కోరి వచ్చినవారిని ఎవరినీ కాదనకూడదు, అదొక వ్రతంగా పెట్టుకోవాలి, అందుకోసమే అన్నం సమృద్ధిగా సంపాదించుకోవాలి అని ఉంది. మనలో చాలామందికి నాలుగు పడకగదుల ఇళ్లున్నాయి. అతిథుల గది అని పేరు పెట్టి, అందులో వ్యాయామం చేసే సైకిలు పెట్టుకున్నాం. దాని మీద బట్టలు ఆరేస్తున్నాం. మా ఇంట్లోనూ అంతే, నవ్వకండి.

మా ప్రతిపాదన చిన్నది. సాఫ్ట్‌వేర్ వాళ్లం కాబట్టి యాప్ చేస్తామంటామేమోనని కొందరు భయపడుతున్నట్టున్నారు. యాప్ లేదు. ఆఫీసు గది పక్కన ఒక కాగితం పెట్టాం, కమిటీవారు ఒప్పుకున్నారు. అందులో మూడు గడులున్నాయి. ఒకటి, మా అమ్మానాన్నలు ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఇక్కడ ఉంటారు అని రాయటానికి. రెండు, మా ఇంట్లో నాలుగు రోజులో వారమో ఉండటానికి రావచ్చు అని రాయటానికి. మూడు, ఇంట్లో ఉంచుకోలేం గానీ వారంలో ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుంటాం, లేదా కారులో ఎక్కడికైనా తీసుకెళతాం అని రాయటానికి. ఉద్యోగం మధ్య ఖాళీ దొరికినవాళ్లు, రిటైరైనవాళ్లు, సెలవుల్లో ఉన్న కాలేజీ పిల్లలు మూడో గడి నింపగలరు.

కొన్ని జాగ్రత్తలు కూడా రాసిపెట్టాం. ఇది ఒకరికొకరు తెలిసిన సభ్య కుటుంబాల మధ్యనే. పెద్దవాళ్లను అడగకుండా వాళ్ల పేరు రాయవద్దు. వెళ్లాలో వద్దో వాళ్లే చెప్పాలి. మరో ఇంటికి వెళ్లేటప్పుడు మందులు, మందుల చీటీ నకలు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కార్డు సంచీలో ఉండాలి. ఆ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ఇదివరకే ఉన్న జబ్బుల విషయంలో పరిమితులుంటాయి, ముందే చదివి ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింది గదే ఇవ్వండి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ ముందే అనుకోండి. పెద్దవాళ్లు మీతో చెప్పిన మాటను వాళ్ల పిల్లలకు మీరు చేరవేయకండి. వాళ్లే చెప్పుకునేలా పక్కన ఉండండి. ప్రాణానికో, ఆరోగ్యానికో ప్రమాదమైన విషయమైతే మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పండి.

రెండో గడిలో మొదటి పేరు మాది రాశాం. సైకిలు గరాజులోకి మారింది. ఉగాది తరువాత రెండు వారాలు ఆ గది ఖాళీ. మా పాపకు మామ్మలంటే ఎంత ఇష్టమో మీకీపాటికి తెలిసే ఉంటుంది. హారన్ మాత్రం కొడుతుంది, ముందే చెబుతున్నాం.